అయానిక బంధమా, సమయోజనీయ బంధమా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి పదో తరగతి, ఇంటర్ విద్యార్థుల కోసం, వాళ్లకు పాఠం చెప్పేవాళ్ల కోసం. వ్యతిరేక ఆవేశాలున్న అయాన్ల మధ్య ఆకర్షణ అయానిక బంధం, పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుంటే సమయోజనీయ బంధం. సమయోజనీయ బంధాన్నే కొన్ని పుస్తకాలు కోవేలెంట్ బంధం అంటాయి, రెండూ ఒకటే. పదార్థం లోపల ఏ కణాలున్నాయి, వాటిని విడదీయాలంటే ఎంత శక్తి కావాలి అన్న రెండు ప్రశ్నలు పట్టుకుంటే ఈ పాఠంలో చిక్కులు చాలావరకు విడిపోతాయి. కింది జవాబులన్నీ ఆ దారిలోనే సాగుతాయి.

పేరు చూడగానే అది అయానిక సమ్మేళనమో సమయోజనీయ సమ్మేళనమో ఎలా చెప్పాలి?

ముందు పేరులో లోహం ఉందేమో చూడండి. సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, బేరియం లాంటి లోహం ఒక అలోహంతో కలిస్తే అది దాదాపు ఎప్పుడూ అయానికమే: సోడియం క్లోరైడ్, మెగ్నీషియం ఆక్సైడ్, కాల్షియం ఫ్లోరైడ్. లోహం లేకపోతే "అమ్మోనియం" అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే అదీ అయానికమే. ఆ రెండూ లేకుండా మొత్తం అలోహాలే ఉంటే సమయోజనీయం: నీరు, కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా, మీథేన్, పంచదార, యూరియా.

ఈ పద్ధతి తప్పేది ముఖ్యంగా రెండు చోట్ల. బెరీలియం, అల్యూమినియం లాంటి చిన్న లోహ అయాన్లు ఒకటి. +4 స్థితిలో ఉన్న తగరం, టైటానియం లాంటివి రెండోది. టైటానియం టెట్రాక్లోరైడ్‌లో లోహం ఉన్నా అది గది ఉష్ణోగ్రత దగ్గర ద్రవం, 136 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగిపోతుంది. తగరం టెట్రాక్లోరైడ్ కూడా ద్రవమే, 114 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అదే తగరం +2 స్థితిలో ఇచ్చే డైక్లోరైడ్ మాత్రం ఘనపదార్థం, 247 డిగ్రీల దాకా కరగదు. కాబట్టి లోహం పేరు ఒక్కటే చూసి ఆగకండి, దాని ఆవేశం ఎంతో కూడా చూడండి.

సోడియం తన ఎలక్ట్రాన్‌ను "వదిలించుకోవాలని" చూస్తుందంటారు. నిజమేనా?

నిజం కాదు. పాఠం మొత్తంలో ఎక్కువ నష్టం చేసే వాక్యం ఇదే. ఒక మోల్ సోడియం పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను లాగేయడానికి 496 కిలోజౌళ్లు మనం ఖర్చుపెట్టాలి. ఆ ఎలక్ట్రాన్లను క్లోరిన్ పరమాణువులకు ఇస్తే తిరిగి వచ్చేది 349 కిలోజౌళ్లే. అంటే ఎలక్ట్రాన్ చేతులు మారినందుకే 147 కిలోజౌళ్ల నష్టం.

మరి ఉప్పు ఎందుకు ఏర్పడుతుంది? లెక్క పూర్తిగా వేద్దాం. అంకెలన్నీ ఒక మోల్‌కు కిలోజౌళ్లలో.

ఘన సోడియంను వాయు పరమాణువులుగా మార్చడానికి 108. అర మోల్ క్లోరిన్ అణువులను పరమాణువులుగా విడగొట్టడానికి 122. సోడియం అయనీకరణానికి 496. ఇప్పటిదాకా ఖర్చు 726. క్లోరిన్ ఎలక్ట్రాన్‌ను తీసుకున్నప్పుడు 349 తిరిగొస్తుంది, ఇంకా 377 బాకీ. ఆ తర్వాత వాయుస్థితిలోని అయాన్లన్నీ దగ్గరికొచ్చి స్ఫటికంగా పేరుకుంటాయి. అప్పుడు విడుదలయ్యే జాలక శక్తి 787. బాకీ తీరిపోయి 410 మిగులుతుంది. ప్రయోగంలో కొలిచిన సంశ్లేషణ ఉష్ణం 411. ఈ లెక్కనే బార్న్-హేబర్ వలయం అంటారు.

ఖర్చంతా భరించింది జాలక శక్తి. వ్యతిరేక ఆవేశాల మధ్య ఆకర్షణ లేకపోతే, "అష్టకం పూర్తి చేసుకోవాలి" (బయటి కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్లు ఉండాలి) అన్న కారణం ఒక్కదానితో ఏ సోడియమూ ఎలక్ట్రాన్ ఇవ్వదు. ఒంటరి సోడియం పరమాణువు, ఒంటరి క్లోరిన్ పరమాణువు దూరంగా ఉన్నంతసేపూ తటస్థంగా ఉండటమే వాటికి లాభం. ఆ రెండూ సుమారు 945 పికోమీటర్ల కంటే దగ్గరికొస్తేనే అయాన్ల జంటగా మారడం లాభసాటి అవుతుంది. 147 కిలోజౌళ్ల నష్టాన్ని ఆకర్షణ శక్తి పూడ్చగలిగే దూరం అది.

పరీక్షలో "సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోయి నియాన్ విన్యాసం పొందుతుంది" అని రాయండి, మార్కులు వస్తాయి. అది జరిగిన దాని వర్ణన. కారణం మాత్రం జాలక శక్తి.

అలాగైతే సోడియం రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తే జాలక శక్తి ఇంకా పెరగదా?

పెరుగుతుంది, కానీ ఖర్చుకు సరిపోదు. సోడియం రెండో అయనీకరణ శక్తి 4562 కిలోజౌళ్లు, ఎందుకంటే ఆ ఎలక్ట్రాన్ లోపలి కర్పరంలోది. మెగ్నీషియంకు మొదటిది 738, రెండోది 1451, మూడోది ఒక్కసారిగా 7733. అందుకే మెగ్నీషియం రెండు దగ్గర ఆగుతుంది. ఆ రెండింటి ఖర్చునూ మెగ్నీషియం ఆక్సైడ్ జాలక శక్తి, సుమారు 3800 కిలోజౌళ్లు, సులువుగా భరిస్తుంది. అయానిక సమ్మేళనాల్లో ఆవేశాలు ఎక్కడ ఆగుతాయో తేల్చేది ఈ జమాఖర్చే.

ఉప్పులో "సోడియం క్లోరైడ్ అణువు" ఉంటుందా?

ఘన ఉప్పులో ఉండదు. ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు సమాన దూరంలో, 282 పికోమీటర్ల దగ్గర ఉంటాయి. ఆ ఆరింటిలో "దీని జంట ఇది" అని చెప్పడానికి వీల్లేదు. 1913లో ఎక్స్-కిరణాలతో విలియం లారెన్స్ బ్రాగ్ ఈ నిర్మాణాన్ని తేల్చాడు. ఉప్పులో అణువులే లేవన్న మాట అప్పటి రసాయన శాస్త్రవేత్తల్లో కొందరికి మింగుడు పడలేదు. 1927లో కూడా రసాయన శాస్త్రవేత్త హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ దానిమీద పత్రికాముఖంగా విరుచుకుపడ్డాడు. ఈ రోజు పదో తరగతిలో ఇదే సందేహం వస్తే అది చిన్న సందేహమేమీ కాదు.

అందుకే ఉప్పు విషయంలో అణుభారం అనకుండా ఫార్ములా భారం (58.5) అంటాం. సోడియం, క్లోరిన్ 1:1 నిష్పత్తిలో ఉన్నాయన్నంత వరకే ఆ ఫార్ములా అర్థం. ఉప్పును బాగా వేడిచేసి ఆవిరి చేస్తే మాత్రం విడి జంటలు నిజంగానే కనిపిస్తాయి. అప్పుడు రెండింటి మధ్య దూరం 236 పికోమీటర్లకు తగ్గుతుంది.

సమయోజనీయ బంధంలో ఎలక్ట్రాన్లను "పంచుకోవడం" అంటే ఏమిటి?

రెండు కేంద్రకాల మధ్య ఉన్న చోట ఎలక్ట్రాన్ల సాంద్రత పెరగడం. ఆ రుణావేశాన్ని రెండు కేంద్రకాలూ ఒకేసారి ఆకర్షిస్తాయి, పట్టి ఉంచేది అదే. హైడ్రోజన్ అణువులో కేంద్రకాలు 74 పికోమీటర్ల దూరంలో నిలుస్తాయి. ఇంకా దగ్గరికొస్తే కేంద్రకాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, దూరం జరిగితే ఆకర్షణ తగ్గుతుంది. ఆ బంధాన్ని తెంచడానికి మోల్‌కు 436 కిలోజౌళ్లు కావాలి. ఆక్సిజన్ ద్విబంధానికి 498, నైట్రోజన్ త్రిబంధానికి 945. గాలిలో అంత నైట్రోజన్ ఉన్నా మొక్కలు దాన్ని నేరుగా వాడుకోలేకపోవడానికి ఆ 945 పెద్ద కారణం.

ఎలక్ట్రాన్ జంటలతో బంధం ఏర్పడుతుందన్న ఆలోచనను గిల్బర్ట్ లూయిస్ 1916లో ప్రతిపాదించాడు. అదే ఏడాది వాల్తర్ కోసెల్ అయానిక బంధానికి ఎలక్ట్రాన్ బదిలీ వివరణ ఇచ్చాడు. రెండు బొమ్మలూ ఒకేసారి పుట్టాయి గనక పుస్తకాల్లో కూడా ఎదురెదురు గడుల్లో కూర్చున్నాయి. ప్రకృతిలో ఆ గడుల మధ్య గోడ లేదు.

రెండింటిలో ఏ బంధం బలమైనది?

ప్రశ్న ఇలా అడిగితే సరైన జవాబు రాదు. "ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మీథేన్ మైనస్ 161 దగ్గరే మరిగిపోతుంది, కాబట్టి అయానిక బంధం బలమైనది" అని చాలామంది రాస్తారు. ఇందులో తప్పు ఎక్కడుందంటే, మీథేన్ మరిగినప్పుడు దాని లోపలి బంధం ఒక్కటి కూడా తెగదు. కార్బన్-హైడ్రోజన్ బంధం బలం సుమారు 414 కిలోజౌళ్లు, అది అలాగే ఉంటుంది. విడిపోయేది అణువుకూ అణువుకూ మధ్య ఉన్న బలహీన ఆకర్షణ మాత్రమే.

నీటిని తీసుకోండి. ఒక మోల్ నీటిని ఆవిరి చేయడానికి సుమారు 41 కిలోజౌళ్లు చాలు. అదే నీటి అణువులోని రెండు ఆక్సిజన్-హైడ్రోజన్ బంధాలను తెంచాలంటే సుమారు 926 కావాలి. నీళ్లు మరిగితే ఆవిరి వస్తుంది గానీ హైడ్రోజన్ రాదు కదా.

సమయోజనీయ బంధాలనే తెంచితే తప్ప కరగని పదార్థాలు కూడా ఉన్నాయి. ఇసుకలోని క్వార్ట్జ్, అంటే సిలికాన్ డయాక్సైడ్, విడి అణువులు లేని అల్లిక. దాన్ని ద్రవంగా మార్చాలంటే 1700 డిగ్రీల పైన వేడి కావాలి, ఉప్పు కంటే రెట్టింపుకు మించి. వజ్రం సంగతి చెప్పక్కర్లేదు. "సమయోజనీయ పదార్థాలకు ద్రవీభవన స్థానం తక్కువ" అన్న వాక్యం విడి అణువులున్న పదార్థాలకే చెల్లుతుంది. పట్టికలో ఆ షరతు రాయకపోతే క్వార్ట్జ్ దగ్గర విద్యార్థి తప్పక తడబడతాడు.

ఏ పదార్థమైనా సరే, కరిగేటప్పుడు ఏది విడిపోతోంది అని అడగండి. ఉప్పులో అయాన్ల మధ్య ఆకర్షణ, నాఫ్తలీన్ ఉండల్లో అణువుల మధ్య ఆకర్షణ (అందుకే 80 డిగ్రీలకే కరుగుతుంది), క్వార్ట్జ్‌లో బంధాలే.

రుణవిద్యుదాత్మకత తేడా 1.7 దాటితే అయానికం అనే నియమాన్ని నమ్మవచ్చా?

మొదటి అంచనాకు పనికొస్తుంది, తీర్పుకు పనికిరాదు. బంధంలోని ఎలక్ట్రాన్లను పరమాణువు తనవైపు లాక్కునే సామర్థ్యమే రుణవిద్యుదాత్మకత. లైనస్ పౌలింగ్ 1932లో ఇచ్చిన కొలమానం ప్రకారం ఫ్లోరిన్ 3.98, ఆక్సిజన్ 3.44, క్లోరిన్ 3.16, అయోడిన్ 2.66, కార్బన్ 2.55, హైడ్రోజన్ 2.20, బోరాన్ 2.04, సిలికాన్ 1.90, సోడియం 0.93.

ఇప్పుడు పరీక్షించండి. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో తేడా 1.94, సిలికాన్ టెట్రాఫ్లోరైడ్‌లో 2.08. నియమం ప్రకారం రెండూ అయానికం కావాలి. కానీ రెండూ గది ఉష్ణోగ్రత దగ్గర వాయువులు. బోరాన్ ట్రైఫ్లోరైడ్ మైనస్ 100 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. సోడియం అయొడైడ్‌లో తేడా 1.73 మాత్రమే, అయినా అది 661 డిగ్రీల దాకా కరగని అసలైన అయానిక స్ఫటికం. సోడియం హైడ్రైడ్‌లో తేడా 1.27, అదీ అయానికమే. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో 1.78, అది సమయోజనీయ అణువు.

తేడా చెప్పేది బంధంలో ఆవేశం ఎంత ఒరిగిందో. ఆ ఒరిగిన ఆవేశంతో విడి అణువులు నిలుస్తాయా, పెద్ద జాలకం అల్లుకుంటుందా అన్నది పరమాణువుల సైజు మీద, ఒక పరమాణువు చుట్టూ ఎన్ని చేరగలవన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. సిలికాన్ చుట్టూ నాలుగు ఫ్లోరిన్లు చేరితే అణువు పూర్తయిపోతుంది. సోడియం చుట్టూ ఒక్క అయొడైడ్ చేరితే ఇంకా బోలెడు చోటు మిగిలి ఉంటుంది.

అల్యూమినియం క్లోరైడ్ ఏ కోవలోకి వస్తుంది?

మధ్యలోకి. అల్యూమినియం ఫ్లోరైడ్ సుమారు 1290 డిగ్రీల దగ్గర ఉత్పతనం చెందుతుంది (ద్రవం కాకుండా నేరుగా ఆవిరవుతుంది), అయానిక లక్షణం స్పష్టం. అల్యూమినియం క్లోరైడ్ మాత్రం సుమారు 180 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఆ ఆవిరిలో రెండేసి అల్యూమినియంలు, ఆరేసి క్లోరిన్లు కలిసిన అణువులుంటాయి.

కారణాన్ని కాజిమీర్ ఫాజన్స్ 1923లో వివరించాడు. మూడు ధనావేశాలున్న చిన్న అల్యూమినియం అయాన్ పక్కనున్న రుణ అయాన్ ఎలక్ట్రాన్ మబ్బును తనవైపు గుంజుతుంది. ఫ్లోరైడ్ చిన్నది, దాని ఎలక్ట్రాన్లు కేంద్రకం పట్టులో గట్టిగా ఉంటాయి, అంతగా సాగవు. క్లోరైడ్ పెద్దది, సాగుతుంది. సాగి మధ్యకు వచ్చిన ఎలక్ట్రాన్లంటే పంచుకున్న ఎలక్ట్రాన్లే కదా. కాబట్టి కాటయాన్ (ధన అయాన్) చిన్నదై ఆవేశం ఎక్కువైనా, ఆనయాన్ (రుణ అయాన్) పెద్దదైనా సమయోజనీయ లక్షణం పెరుగుతుంది.

ప్రయోగశాలలో ఒక జాగ్రత్త: అనార్ద్ర (నీరు లేని) అల్యూమినియం క్లోరైడ్ సీసా మూత తెరిస్తే గాలిలోని తేమతో చర్య జరిగి హైడ్రోజన్ క్లోరైడ్ పొగలు వస్తాయి. దాని మీద నీళ్లు పోయకూడదు.

వాహకత పరీక్షను తక్కువ ఖర్చుతో ఎలా చేయాలి?

కావలసినవి: 9 వోల్టుల బ్యాటరీ, దాని క్లిప్పు, ఎర్ర ఎల్‌ఈడీ, 470 ఓమ్‌ల నిరోధకం, రెండు 2బీ పెన్సిళ్లు, వైర్లు, గాజు గ్లాసు, ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్. ఇంటి కరెంటుతో ఈ ప్రయోగం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి, ప్రాణాలు పోతాయి.

పెన్సిళ్లను రెండు చివర్లా చెక్కండి. బ్యాటరీ ప్లస్ నుంచి నిరోధకం, నిరోధకం నుంచి ఎల్‌ఈడీ పొడవు కాలు, పొట్టి కాలు నుంచి మొదటి పెన్సిల్ లెడ్డు. బ్యాటరీ మైనస్ నుంచి రెండో పెన్సిల్ లెడ్డు. రెండు పెన్సిళ్లనూ అట్టముక్కలో గుచ్చి సెంటీమీటరు ఎడం ఉంచండి. కొనలు ఒకదానికొకటి తగిలించి చూడండి, ఎల్‌ఈడీ వెలిగితే వలయం సరిగా ఉన్నట్టు. నిరోధకం వల్ల కరెంటు సుమారు 15 మిల్లీ ఆంపియర్లకు పరిమితమవుతుంది. అది లేకపోతే కొనలు తగిలించిన క్షణంలోనే ఎల్‌ఈడీ మాడిపోవచ్చు.

ఈ వరుసలో పరీక్షించండి: పొడి ఉప్పు, డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే, 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో అర టీస్పూను పంచదార, అంతే నీళ్లలో అర టీస్పూను ఉప్పు. ఒక్కోదాని తర్వాత కొనలను డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. ఉప్పునీళ్లలో మాత్రమే ఎల్‌ఈడీ బాగా వెలగాలి. అయిదు సెకన్లు చాలు. ఎక్కువసేపు ఉంచితే ప్లస్ కొన దగ్గర క్లోరిన్ వాయువు పుడుతుంది, ఘాటు వాసన వస్తే వెంటనే తీసేసి కిటికీ తెరవండి.

ఫలితం తేడాగా వస్తే కారణాలు ఇవి. పంచదార నీళ్లలో కూడా మసగ్గా వెలిగితే మీరు కుళాయి నీళ్లో బోరు నీళ్లో వాడారు, వాటిలో ముందే కరిగిన లవణాలుంటాయి. నీళ్లను విడిగా పరీక్షించమన్నది ఇందుకే. పొడి ఉప్పు వెలిగిస్తే అది తేమ పట్టిన ఉప్పు, వానాకాలంలో తరచూ జరుగుతుంది. పెనం మీద పది నిమిషాలు వేయించి, చల్లార్చి మళ్లీ చూడండి. పెన్సిళ్ల బదులు ఇనప మేకులు వాడితే ప్లస్ వైపు మేకు కరిగి నీళ్లు పసుపు, గోధుమ రంగుకు తిరుగుతాయి, విద్యార్థులు దాన్ని ఉప్పు రంగు అనుకుంటారు. హెచ్‌బీ పెన్సిల్ లెడ్డులో మట్టి పాలు ఎక్కువ గనక వెలుగు తగ్గుతుంది.

వెనిగర్‌తో చేస్తే ఉప్పునీళ్ల కంటే మసగ్గా వెలుగుతుంది. అందులోని ఎసిటిక్ ఆమ్లంలో నూటికి ఒక వంతు కూడా అయాన్లుగా విడిపోదు. వేడితో ద్రవంగా కరిగించిన ఉప్పుతో ఇంట్లో ప్రయత్నించకండి. 801 డిగ్రీలు వంటగది పెనానికి అందవు, అందినా ఆ ద్రవం ఒంటి మీద పడితే ప్రమాదం.

హైడ్రోజన్ క్లోరైడ్ సమయోజనీయం అయితే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరెంటు ఎలా ప్రవహిస్తుంది?

వాయువుగా ఉన్నప్పుడు అది అణువు, మైనస్ 85 డిగ్రీల దగ్గర మరుగుతుంది. టోల్యూన్‌లో కరిగిస్తే అణువుగానే ఉండి కరెంటును పోనివ్వదు. నీటిలో మాత్రం దాని హైడ్రోజన్ కేంద్రకాన్ని (ప్రోటాన్‌ను) మాత్రమే నీటి అణువు తీసుకుని హైడ్రోనియం అయాన్ అవుతుంది, క్లోరైడ్ అయాన్ మిగులుతుంది. ఇక్కడ అయాన్లు ముందునుంచీ లేవు, నీటితో చర్య వల్ల పుట్టాయి. ఉప్పులో అయాన్లు ముందే ఉన్నాయి, నీరు వాటిని విడదీసింది అంతే. జవాబు పత్రంలో ఈ తేడా రాస్తే దిద్దేవాళ్లకు మీకు అర్థమైందని తెలుస్తుంది.

అయానిక పదార్థాలన్నీ నీళ్లలో కరుగుతాయా?

కరగవు. సుద్ద (కాల్షియం కార్బొనేట్) అయానికమే, లీటరు నీటిలో కరిగేది కొన్ని మిల్లీగ్రాములే. సిల్వర్ క్లోరైడ్ సుమారు 2 మిల్లీగ్రాములు. బేరియం సల్ఫేట్ కూడా ఆ మాత్రమే. బేరియం అయాన్ విషమైనా ఎక్స్-రే కోసం రోగులకు బేరియం సల్ఫేట్‌ను తాగించగలగడానికి కారణం అది కరగకపోవడమే.

ఉప్పు విషయంలో పోటీ చాలా దగ్గరగా ఉంటుంది. జాలకాన్ని విడదీయడానికి 787 కిలోజౌళ్లు, నీటి అణువులు అయాన్లను చుట్టుముట్టినప్పుడు తిరిగొచ్చేది సుమారు 783. నాలుగు కిలోజౌళ్ల లోటు ఉన్నా, అయాన్లు చెల్లాచెదురు కావడం వల్ల పెరిగే ఎంట్రోపీ (చెదిరిపోయే గుణం) దాన్ని దాటిస్తుంది. 100 మిల్లీలీటర్ల నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది.

ఇటువైపు పంచదార, యూరియా, ఆల్కహాల్ సమయోజనీయాలైనా నీటిలో ఇట్టే కలుస్తాయి, ఎందుకంటే నీటితో హైడ్రోజన్ బంధాలు ఏర్పరచగలవు. ఎరువుల దుకాణంలో దొరికే రెండు సంచుల్ని పోల్చితే ఇది బాగా తెలుస్తుంది. యూరియా, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ రెండూ నీళ్లలో కరుగుతాయి. పొటాష్, అంటే పొటాషియం క్లోరైడ్, అయాన్లుగా విడిపోయి ఎల్‌ఈడీని వెలిగిస్తుంది. శుభ్రమైన యూరియా డిస్టిల్డ్ వాటర్‌లో అణువులుగానే కరిగి వెలిగించదు. కలిపేటప్పుడు గ్లాసు చల్లబడటం కూడా చేతికి తెలుస్తుంది. కరగడం వేరు, అయాన్లుగా విడిపోవడం వేరు.

ఒకే పదార్థంలో రెండు రకాల బంధాలూ ఉండవచ్చా?

మన చుట్టూ ఉన్న లవణాల్లో చాలావాటిలో ఉన్నాయి. చాకలి సోడాలో సోడియం అయాన్లకూ కార్బొనేట్ అయాన్లకూ మధ్య అయానిక బంధం, కార్బొనేట్ లోపల కార్బన్-ఆక్సిజన్ మధ్య సమయోజనీయ బంధం. నవాసాగరం, అంటే అమ్మోనియం క్లోరైడ్, లోహమే లేని అయానిక సమ్మేళనం. అమ్మోనియం లోపల నాలుగో హైడ్రోజన్‌తో బంధానికి రెండు ఎలక్ట్రాన్లనూ నైట్రోజనే ఇచ్చింది, దాన్ని సమన్వయ సమయోజనీయ బంధం అంటారు. ఏర్పడ్డాక మాత్రం నాలుగు బంధాలూ ఒకేలా ఉంటాయి, ఏది నాలుగోదో గుర్తుపట్టలేం.

మైలుతుత్తంలో (కాపర్ సల్ఫేట్) రాగి అయాన్‌కు నాలుగు నీటి అణువులు ఇలాగే అంటుకుని ఉంటాయి. వేడిచేస్తే నీరు పోయి నీలం రంగు తెల్లబడుతుంది.

కాల్షియం కార్బైడ్ ఇంకో మంచి ఉదాహరణ. కాల్షియం అయాన్, త్రిబంధంతో కలిసిన రెండు కార్బన్ల అయాన్ కలిసిన ఘనపదార్థం అది. తేమ తగిలితే అయానిక భాగం విడిపోతుంది, ఆ త్రిబంధం చెక్కుచెదరకుండా ఎసిటిలీన్ వాయువుగా బయటికొస్తుంది. మామిడికాయలను మగ్గబెట్టడానికి వాడకూడదని ఆహార భద్రతా నిబంధనలు నిషేధించిన కార్బైడ్ ఇదే.

లూయిస్ చుక్కల నిర్మాణాన్ని తప్పు లేకుండా వేయడం ఎలా?

ముందు వేలన్సీ ఎలక్ట్రాన్లన్నీ (బయటి కర్పరంలోవి) కూడండి. రుణ అయాన్ అయితే ఆవేశమంత కలపండి, ధన అయాన్ అయితే తీసేయండి. తక్కువ రుణవిద్యుదాత్మకత ఉన్న పరమాణువును మధ్యలో పెట్టండి (హైడ్రోజన్ ఎప్పుడూ మధ్యలోకి రాదు). ప్రతి బంధానికి రెండు చుక్కలు వాడండి. మిగిలినవి ముందు బయటి పరమాణువులకు, తర్వాత మధ్యదానికి. మధ్యదానికి ఎనిమిది రాకపోతే బయటి ఒంటరి జంటను బంధంలోకి జరపండి.

నైట్రేట్ అయాన్ చూద్దాం. నైట్రోజన్ 5, మూడు ఆక్సిజన్లు 18, ఆవేశం 1, మొత్తం 24. మూడు బంధాలకు 6 పోగా 18 మిగిలాయి, ఆక్సిజన్లకు ఆరేసి. నైట్రోజన్ దగ్గర 6 మాత్రమే ఉన్నాయి, కాబట్టి ఒక ఆక్సిజన్ నుంచి ఒక జంటను జరిపితే ద్విబంధం, లెక్క సరి. ఏ ఆక్సిజన్ నుంచైనా జరపవచ్చు. నిజమైన అయాన్‌లో మూడు బంధాల పొడవూ సమానమే.

మార్కులు ఎక్కువగా పోయేది అయానిక సమ్మేళనాల దగ్గర. సోడియం క్లోరైడ్‌కు రెండు పరమాణువుల మధ్య గీత గీసేస్తారు. గీత అంటే పంచుకున్న జంట. అక్కడ గీయకూడదు. రెండు అయాన్లనూ విడిగా, చదరపు కుండలీకరణాల్లో పెట్టి, బయట పైన ఆవేశం రాయాలి. మెగ్నీషియం క్లోరైడ్‌కు క్లోరైడ్ రెండుసార్లు వేయడం మర్చిపోకండి.

అష్టకం పూర్తికాని అణువులు, దాటినవి ఉన్నాయా?

ఉన్నాయి. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ చుట్టూ 6, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ అణువులో ఫాస్ఫరస్ చుట్టూ 10, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో 12. నైట్రిక్ ఆక్సైడ్‌లో మొత్తం వేలన్సీ ఎలక్ట్రాన్లు 11, బేసి సంఖ్య, ఎలా పంచినా ఒకటి ఒంటరిగా మిగులుతుంది. అష్టక నియమం రెండో పీరియడ్‌లోని కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్‌లకు బాగా పనిచేస్తుంది. అక్కడ మాత్రం ఎనిమిది దాటనివ్వకండి.

ఉప్పు రాయి సుత్తితో కొడితే పగులుతుంది, రాగి సాగుతుంది. ఎందుకు?

దెబ్బకు ఉప్పు స్ఫటికంలో ఒక పొర కాస్త పక్కకు జరుగుతుంది. ఒక్క అయాన్ దూరం జరిగితే చాలు, సోడియం ఎదుట సోడియం, క్లోరైడ్ ఎదుట క్లోరైడ్ వస్తాయి. సజాతి ఆవేశాలు వికర్షించుకుని ఆ తలం వెంబడి స్ఫటికం విడిపోతుంది. ముక్కలు నున్నని అంచులతో చతురస్రంగా రావడం భూతద్దంలో కనిపిస్తుంది. రాగిలో ధన అయాన్ల మధ్య ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి, పొర ఎటు జరిగినా అవి మధ్యలోనే ఉండి పట్టి ఉంచుతాయి.

పేర్లు రాసేటప్పుడు "డై", "ట్రై" ఎక్కడ వాడాలి?

రెండు అలోహాల సమయోజనీయ సమ్మేళనాలకు వాడాలి: కార్బన్ డయాక్సైడ్, డైనైట్రోజన్ టెట్రాక్సైడ్. అవే మూలకాలు వేర్వేరు నిష్పత్తుల్లో కలుస్తాయి గనక సంఖ్య చెప్పకపోతే ఏదో తెలియదు. కాల్షియం క్లోరైడ్‌కు అవసరం లేదు, కాల్షియం ఆవేశం ఎప్పుడూ +2 గనక క్లోరైడ్‌లు రెండే. ఇనుము, రాగి, తగరం లాంటి వాటికి ఆవేశం మారుతుంది కాబట్టి పేరు పక్కన రోమన్ అంకె రాయాలి.

అయానిక ఫార్ములా రాసేటప్పుడు ఆవేశాలను అడ్డంగా మార్చి రాసే పద్ధతి అందరికీ తెలిసిందే: అల్యూమినియం +3, ఆక్సైడ్ -2, కాబట్టి రెండు అల్యూమినియంలకు మూడు ఆక్సైడ్‌లు. మెగ్నీషియం ఆక్సైడ్‌కు అలా రాస్తే 2:2 వస్తుంది, దాన్ని 1:1కి తగ్గించాలి. హైడ్రాక్సైడ్, నైట్రేట్, సల్ఫేట్ లాంటి గుంపు ఒకటి కంటే ఎక్కువసార్లు వస్తే గుంపు మొత్తానికి కుండలీకరణం పెట్టి, సంఖ్యను బయట రాయాలి. కాల్షియం హైడ్రాక్సైడ్‌లో కుండలీకరణం మరిచిపోతే హైడ్రోజన్లు మాత్రమే రెండై, ఆక్సిజన్ ఒకటే మిగులుతుంది. అప్పుడు సమీకరణం ఎంత తుల్యం చేసినా కుదరదు.